సోవియట్ సైనిక పతకాలు: కొనేముందు వెనక్కి తిప్పి చూడండి

సోవియట్ పతకం చేతికి వస్తే ఎవరైనా మొదట ముందువైపే చూస్తారు. ఎర్రటి ఎనామెల్, సుత్తీ కొడవలి, తుపాకీ పట్టుకున్న సైనికుడు, చూపు అక్కడే ఆగిపోతుంది. నకిలీలు చేసేవాళ్లకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. అందుకే వాళ్ల పనితనమంతా ముందువైపే కనిపిస్తుంది. వెనకవైపుకు వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. కాబట్టి పతకాన్ని బోర్లించి, వెనక నుంచి చదవడం అలవాటు చేసుకోండి. ఈ మార్గదర్శిలో మిగతాదంతా ఆ అలవాటుకు అనుబంధమే.

ఈ పద్ధతి సోవియట్ పతకాలకు బాగా పనికొస్తుంది. ఆ ప్రభుత్వం దాదాపు అన్ని ఆర్డర్ల (పై స్థాయి పురస్కారాల) మీదా, కొన్ని ముఖ్యమైన మెడల్స్ మీదా దేని నంబర్ దానికి విడిగా వేసింది. అదే నంబర్‌ను అందుకున్న మనిషి చేతి పుస్తకంలో రాసింది, ఆర్కైవ్ కార్డు మీదా ఎక్కించింది. అంటే లోహం, నంబర్, కాగితం అని మూడు సాక్ష్యాలున్నాయి. మూడూ ఒకే మాట చెబితే కొనవచ్చు. రెండు ఒక మాట, మూడోది ఇంకో మాట చెబితే ఆగాలి.

ముందు ఏది ఏమిటో తెలియాలి

‘సోవియట్ భూమి’ పత్రిక వచ్చిన తెలుగు ఇళ్లలో, భారత సోవియట్ స్నేహ సభలకు వెళ్లొచ్చిన పెద్దవాళ్ల పెట్టెల్లో లెనిన్ బొమ్మ ఉన్న చిన్న పిన్ను ఒకటి దొరుకుతూ ఉంటుంది. అది పతకం కాదు. రష్యన్‌లో జ్నచోక్ అనే బ్యాడ్జి. కోట్ల సంఖ్యలో తయారైంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. దాచుకోవడానికి బాగుంటుంది కానీ, ‘సోవియట్ మిలిటరీ మెడల్’ అని పేరు పెట్టి ఎవరైనా వేలల్లో అడిగితే నవ్వి ఊరుకోండి.

అసలైన సైనిక పురస్కారాల్లో పై మెట్టు ఆర్డర్లది: లెనిన్, ఎర్ర జెండా, ఎర్ర నక్షత్రం, దేశభక్తి యుద్ధం, గ్లోరీ, సువోరొవ్, కుతూజొవ్ వగైరా. వాటి కింద మెడల్స్. మెడల్స్‌లోనూ తేడాలున్నాయి. 1938 అక్టోబర్ 17న పెట్టిన ‘ధైర్యానికి’, ‘సైనిక సేవలకు’ అనే రెండూ ఒక్కో సైనికుడు చేసిన పనికి ఇచ్చినవి. 1942 డిసెంబర్ 22న ఒకేసారి ప్రకటించిన లెనిన్‌గ్రాడ్, ఒదెస్సా, సెవస్తోపోల్, స్టాలిన్‌గ్రాడ్ రక్షణ పతకాలు, 1945 జూన్ 9 నాటి బెర్లిన్, వియన్నా, బుడాపెస్ట్ పతకాలు ఆ పోరాటంలో పాల్గొన్న వాళ్లందరికీ ఇచ్చినవి. అన్నిటికంటే కింద జూబ్లీ మెడల్స్. విజయానికి 20 ఏళ్లు, 30 ఏళ్లు, సైన్యానికి 50 ఏళ్లు అంటూ దశాబ్దాల పాటు పంచుతూ వచ్చారు. ‘అరుదైనది’ అనే మాటతో అమ్మకానికి వచ్చేవాటిలో చాలా భాగం ఈ జూబ్లీలే.

ఎక్కడ మొదలుపెట్టాలి

నన్నడిగితే మొదటి పతకం ‘జర్మనీపై విజయానికి’ అయి ఉండాలి. 1945 మే 9న పెట్టారు, సుమారు కోటిన్నర మందికి ఇచ్చారు. ఇత్తడిది, 32 మిల్లీమీటర్లు, నంబర్ ఉండదు. ధర తక్కువ కాబట్టి నకిలీ చేసినా పెద్దగా గిట్టదు, అందుకని అసలుదే దొరికే అవకాశం ఎక్కువ. దాన్ని నెల రోజులు టేబుల్ మీద పెట్టుకుని రోజూ లెన్స్‌లో చూడండి. అచ్చు గుద్దిన లోహం ఎలా ఉంటుందో, స్టాలిన్ మీసం దగ్గర గీతలు ఎంత పదునుగా తెగుతాయో కంటికి అలవాటవుతుంది. దానికి జోడీగా ‘జపాన్‌పై విజయానికి’ తీసుకోండి. జర్మనీ పతకంలో స్టాలిన్ ఎడమకు చూస్తాడు, జపాన్ దానిలో కుడికి. మ్యాపులో పడమర, తూర్పు ఎటు ఉంటాయో గుర్తు తెచ్చుకుంటే విషయం అర్థమవుతుంది.

ఆ తర్వాత ‘ధైర్యానికి’, ఆ పైన ఎర్ర నక్షత్రం. ఈ మూడు మెట్లూ ఎక్కేదాకా లెనిన్ ఆర్డర్, ‘సోవియట్ యూనియన్ హీరో’ బంగారు నక్షత్రం, సువోరొవ్, నఖీమొవ్ జోలికి పోవద్దు. వాటిలో బంగారం, ప్లాటినం ఉంటాయి, నకిలీ చేసేవాడికి లాభం ఎక్కువ, కాబట్టి నకిలీ కూడా నైపుణ్యంతో చేస్తాడు. కొత్తవాడి కళ్లకు అది దొరకదు.

సామాన్లు

పదింతలు చూపించే లెన్స్, గ్రాములో పదో వంతు చూపించే చిన్న త్రాసు, వెర్నియర్ కాలిపర్, దొంగనోట్లు చూసే యూవీ టార్చి, ఒక అయస్కాంతం. అంతే. పతకాన్ని కంసాలి దగ్గరికి తీసుకెళ్లి గీటురాయి మీద గీయించకండి. వెండి అవునో కాదో తెలుస్తుంది కానీ, ఆ గీతతో సగం విలువ పోతుంది.

ఎర్ర నక్షత్రాన్ని చదవడం

ఈ ఆర్డర్‌ను 1930 ఏప్రిల్ 6న స్థాపించారు. 1991 వరకు మొత్తం 38 లక్షలకు పైగా ఇచ్చారు, అందులో యుద్ధకాలంలోనే 20 లక్షలు దాటాయి. మన వాళ్లకూ దక్కింది. ఇరాన్ మీదుగా సోవియట్ యూనియన్‌కు సరుకులు చేరవేసిన రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ నుంచి సుబేదార్ నారాయణరావు నిక్కం, హవల్దార్ గజేంద్ర సింగ్ 1944లో దీన్ని అందుకున్నారు.

సరే, నక్షత్రం చేతిలో ఉంది. బోర్లించండి. మధ్యలో మర ఉన్న కాడ నిలబడి ఉంటుంది. చొక్కాకు రంధ్రం చేసి, ఆ కాడను అందులోంచి దూర్చి, వెనక నుంచి గుండ్రటి నట్ బిగించేవాళ్లు. కాడ పొట్టిగా ఉంటే కంగారు పడక్కర్లేదు. ఛాతీకి గుచ్చుకోకుండా చాలామంది కోయించుకున్నారు. కాడ మొదట్లో అతుకు ఎలా ఉందన్నది ముఖ్యం. టంకశాల అతుకు శుభ్రంగా, చుట్టూ ఒకే తీరుగా ఉంటుంది. సీసం రంగులో ముద్దగా పొంగి ఉంటే ఆ కాడను తర్వాత ఎవరో అతికించారన్నమాట. నట్ మారిపోవడం మామూలే. అసలు నట్ ఉంటే మంచిది, లేకపోతే ధర కొంచెం తగ్గించమని అడగండి.

ఇక టంకశాల ముద్ర. తొలినాళ్ల వాటి మీద ‘గోజ్నాక్’ అనీ, తర్వాతి వాటి మీద ‘మొనెత్నీ ద్వోర్’ అనీ రష్యన్ అక్షరాల్లో ఉంటుంది. రెండోదానికి టంకశాల అనే అర్థం. అక్షరాల అంచుల మీదికి లెన్స్ పెట్టండి. ఉక్కు అచ్చు పడిన అక్షరం గోడలు నిటారుగా, అడుగు చదునుగా ఉంటాయి. మూస పోసిన నకిలీలో అవే అంచులు కరిగినట్టు గుండ్రంగా ఉంటాయి, చదునుగా ఉండాల్సిన చోట సూదిమొన పట్టేంత చిన్న గుంటలు కనిపిస్తాయి. లోహం చల్లారేటప్పుడు లోపల గాలి బుడగలు మిగిలిన చోట్లు అవి.

ఇప్పుడు నంబర్. ఇక్కడ మాత్రం తొందరపడకండి. యుద్ధకాలపు నంబర్లు ఎక్కువగా చేత్తో చెక్కినవి. ఉలి లోహంలోకి దిగేటప్పుడు గీత సన్నగా మొదలై, మధ్యలో వెడల్పై, బయటికి వచ్చేటప్పుడు మళ్లీ సన్నబడుతుంది. ‘7’ అడ్డగీత చివర, ‘4’ కాలి చివర ఈ సన్నదనం బాగా తెలుస్తుంది. గాడి అడుగు ‘వి’ ఆకారంలో ఉండి, దీపం కింద తిప్పితే ఒక పక్క గోడ మెరుస్తుంది. మోటారు పనిముట్టుతో చెక్కిన నంబర్‌లో గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే వెడల్పు, రెండు కొసలూ గుండ్రం, అడుగున చిన్న చిన్న అలలు. ఆ తేడా ఒక్కసారి చూస్తే మళ్లీ మర్చిపోరు.

నంబర్ అసలుదే అయినా దాని చుట్టుపక్కల చూడాలి. మార్చేసిన నంబర్ అనేది ఈ వ్యాపారంలో పాత మోసం. మామూలు నంబర్‌ను అరగదీసి, దాని స్థానంలో తొలినాళ్ల చిన్న నంబర్ చెక్కుతారు. కాగితాలున్న ఎవరో ఒకరి నంబరైనా చెక్కుతారు. పతకాన్ని దీపానికి ఏటవాలుగా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. నంబర్ ఉన్న చోట ఉపరితలం కొంచెం లోతుగా, మిగతా చోట్ల లేని మెరుపుతో, ఒకే దిక్కున సన్నటి గీతలతో ఉంటే అది ఆకురాయి చేసిన పని. మరీ చిన్న నంబర్ ఉండి, ఆకారం మాత్రం తర్వాతి రోజులదైతే లెన్స్ కూడా అక్కర్లేదు. నంబర్ తర్వాత రష్యన్ ‘ద’ అక్షరం కనిపిస్తే అది పోయిన ఆర్డర్‌కు బదులుగా ప్రభుత్వమే ఇచ్చిన డూప్లికేట్. అది నకిలీ కాదు, తనకంటూ ఒక చరిత్ర ఉన్నదే.

వెనకవైపు పని అయ్యాకే ముందుకు తిప్పండి. పచ్చి నెత్తురు రంగు ఎనామెల్ పారదర్శకంగా, లోతుగా ఉండాలి. అది కొలిమిలో కాల్చిన గాజు. గాజు కాబట్టి దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుంది, పెచ్చు లేచిన చోట గాజు విరిగిన పదును కనిపిస్తుంది. నక్షత్రం కొసల్లో ఒకటి రెండు పెచ్చులుంటే బాధపడకండి, ఏళ్ల తరబడి తొడుక్కున్న దానికి అది సహజం. ఏ మచ్చా లేని ఎనామెల్‌తో బాగా అరిగిన సైనికుడు ఉంటే అప్పుడు అనుమానించండి. గది చీకటి చేసి యూవీ టార్చి వేయండి. రెజిన్‌తో పూడ్చిన చోటు చాలాసార్లు చుట్టూ ఉన్నదానికంటే వేరేగా వెలుగుతుంది. మరమ్మతు చేసింది అమ్మకూడదని కాదు. మరమ్మతు అని చెప్పి, ఆ ధరకే అమ్మాలి.

తూకం సుమారు 33 గ్రాములు, అటూ ఇటూ గ్రామున్నర. కాడ కోసేసినా ఎనామెల్ ఊడినా కొంచెం తగ్గుతుంది.

ఒక సంగతి అమ్మకందార్లు చెప్పరు. 1944 జూన్ నుంచి 1957 దాకా ఈ ఆర్డర్‌ను సర్వీసు పూర్తిచేసినందుకు కూడా ఇచ్చారు. పదేళ్లకు ‘సైనిక సేవలకు’ మెడల్, 15 ఏళ్లకు ఎర్ర నక్షత్రం, 20 ఏళ్లకు ఎర్ర జెండా, 25 ఏళ్లకు లెనిన్ ఆర్డర్. అంటే యాభైల నాటి ఎర్ర నక్షత్రం వెనక యుద్ధం కథ ఉండకపోవచ్చు, ఆఫీసు బల్ల ఉండవచ్చు. లోహం అదే, పనితనం అదే, ధర మాత్రం వేరుగా ఉండాలి. ఏది ఏదో పత్రాలే తేలుస్తాయి.

‘ధైర్యానికి’: త్రాసు చెప్పే మాట

సైనికులు అందరికంటే ఎక్కువ గౌరవించిన మెడల్ ఇదేనంటారు. పైన మూడు విమానాలు, కింద టీ-35 ట్యాంకు, మధ్యలో ఎర్రటి అక్షరాలు. వెండిది, 37 మిల్లీమీటర్లు, అది వేలాడే పట్టీ లేకుండా సుమారు 27.9 గ్రాములు.

లెక్క సులువు. ఇదే పరిమాణంలో ఇత్తడితో చేసి వెండిపూత వేస్తే దాదాపు 23 గ్రాములే తూగుతుంది. ఐదు గ్రాముల తేడాను ఏ మాటకారితనమూ దాచలేదు. అయితే వెండితోనే మూస పోసిన నకిలీ ఈ పరీక్ష దాటిపోతుంది. దానికి కాలిపర్ ఉంది. అసలు పతకం నుంచి తీసిన మూసలో పోసిన లోహం చల్లారి కుంచించుకుపోతుంది కాబట్టి వ్యాసం అర మిల్లీమీటరు దాకా తగ్గుతుంది. తూకం తప్పితే నకిలీ అని నమ్మొచ్చు, తూకం సరిపోయిందని అసలుది అనుకోకూడదు.

మొదట్లో ఇది చిన్న దీర్ఘచతురస్రపు పట్టీకి వేలాడేది. 1943 జూన్‌లో నిబంధన మారి, ఐదు కోణాల పట్టీ, బూడిదరంగు మీద నీలం అంచుల రిబ్బన్ వచ్చాయి. పాతవాళ్లలో చాలామంది కొత్త పట్టీకి మార్చుకున్నారు. అందుకని తొలినాళ్ల నంబర్, తర్వాతి పట్టీ కలిసి కనిపిస్తే అది తప్పు కాదు. రిబ్బన్ సంగతి వదిలేయండి, చిరిగితే మార్చేవాళ్లు. కొత్త సింథటిక్ రిబ్బన్ యూవీలో తెల్లగా మెరిసిపోతుంది, ‘ఒరిజినల్ రిబ్బన్’ అన్న మాటకు అదే జవాబు.

దేశభక్తి యుద్ధం ఆర్డర్: 1985 ఉచ్చు

1942 మే 20న పెట్టిన ఈ ఆర్డర్‌ను విజయానికి 40 ఏళ్లు నిండిన సందర్భంగా 1985లో బతికున్న యుద్ధవీరులకు లక్షల సంఖ్యలో మళ్లీ ఇచ్చారు. యుద్ధకాలపు మొదటి తరగతిలో బంగారం ఉంది, విడి భాగాలుగా చేసి కలిపారు. 1985 నాటిది వెండి మీద బంగారు పూత, ఒకే ముక్కగా అచ్చు గుద్దినది. రెండూ అసలువే. రెంటి ధరల మధ్య మాత్రం చాలా దూరం ఉంది. ఫొటోలో ముందువైపు మాత్రమే చూపించి ‘రెండో ప్రపంచ యుద్ధం’ అని రాసిన ప్రకటన కనిపిస్తే వెనకవైపు ఫొటో అడగండి. పంపకపోతే అదే సమాధానం.

కాగితాలు

ఆర్డర్ అందుకున్నవాళ్లకు ‘ఆర్డెన్‌స్కయా క్నీజ్కా’ అనే చిన్న పుస్తకం ఇచ్చేవాళ్లు. ఫొటో, పేరు, తండ్రి పేరు, ఒక్కో ఆర్డర్ నంబర్ అందులో ఉంటాయి. ముందుగా పుస్తకంలో నంబర్, లోహం మీద నంబర్ ఒకటేనా అని చూస్తాం. అది అందరూ చేసేదే. ఇంకా రెండు తనిఖీలున్నాయి, వాటికి పైసా ఖర్చు కాదు.

మొదటిది సంతకం. పత్రాల మీద సుప్రీం సోవియట్ ప్రెసీడియం కార్యదర్శి సంతకం అచ్చు ఉంటుంది. గోర్కిన్ 1938 నుంచి 1953 వరకు, పేగొవ్ 1953 నుంచి 1956 వరకు ఆ పదవిలో ఉన్నారు. మళ్లీ కొద్దికాలం గోర్కినే. 1957 నుంచి 1982 వరకు గియొర్గాద్జె, ఆ తర్వాత మెంతెషాష్విలి. 1947 తేదీ ఉన్న పుస్తకం మీద గియొర్గాద్జె సంతకం ఉందంటే, ఆ పుస్తకం తర్వాత ఇచ్చినదైనా కావాలి, ఇంట్లో తయారైనదైనా కావాలి.

రెండోది రాజచిహ్నం. గోధుమ కంకుల చుట్టూ చుట్టిన రిబ్బన్ మడతలు రిపబ్లిక్కుల సంఖ్యను బట్టి మారుతూ వచ్చాయి: 1936 నుంచి 11, 1946 నుంచి 16, 1956 నుంచి 15. అచ్చులోనో గుండ్రటి ముద్రలోనో చిహ్నం ఉంటే లెన్స్ పెట్టి లెక్కపెట్టండి. పాత ముద్రను కొత్త తేదీ మీద వాడి ఉండవచ్చు, కొత్త ముద్ర పాత తేదీ మీద పడే వీలు లేదు. 1944 తేదీ మీద 15 మడతలు కనిపిస్తే, ఆ పుస్తకం తర్వాత ఇచ్చినదని తేలకపోతే ఇక బేరం అనవసరం.

పేరు దొరికాక రష్యా రక్షణశాఖ ఇంటర్నెట్‌లో పెట్టిన ‘పోద్విగ్ నరోదా’, ‘పామ్యత్ నరోదా’ అనే రెండు భాండాగారాల్లో వెతకవచ్చు. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, పుట్టిన సంవత్సరం నాలుగూ వేయండి. లేకపోతే ఒకే పేరుతో వందమంది వస్తారు. అదృష్టం బాగుంటే ‘నగ్రద్నోయ్ లిస్ట్’, అంటే ఆ మనిషిని ఎందుకు సిఫారసు చేశారో కమాండర్ రాసిన కాగితం, స్కాన్ రూపంలో దొరుకుతుంది. ఏ తేదీన, ఏ ఊరి దగ్గర, ఏం చేశాడో అందులో ఉంటుంది. రష్యన్ రాకపోయినా ఫోన్ అనువాదం సరిపోతుంది, చేతిరాత దగ్గర మాత్రం మనిషి సాయం కావాలి. నంబర్ నుంచి పేరుకు వెళ్లడం ఇంత తేలిక కాదు. పురస్కారాల కార్డులు పొదోల్స్క్‌లోని రక్షణశాఖ కేంద్ర ఆర్కైవ్‌లో ఉంటాయి. ఆ పని చేసిపెట్టినట్టు ‘రీసెర్చ్’ కాగితం ఎవరైనా ఇస్తే, కార్డు ఫొటో కూడా అడగండి. టైపు చేసిన సారాంశం సాక్ష్యం కాదు.

నంబర్ లేని మెడల్‌కు జతగా పుస్తకం ఇస్తే మెచ్చుకోండి, ధర మాత్రం పెంచకండి. ఆ కాగితం ఆ మెడల్‌దే అని నిరూపించే దారి ఏదీ లేదు.

ఎక్కడ కొనాలి, ఎక్కడ కొనకూడదు

రష్యాలో కొనవద్దు, అక్కడి నుంచి పోస్టులో తెప్పించుకోవద్దు. రష్యా క్రిమినల్ కోడ్ 324వ అధికరణం ప్రకారం సోవియట్ ప్రభుత్వ పురస్కారాలను అమ్మడం, అక్రమంగా సంపాదించడం నేరం. మాస్కో ఇజ్మాయిలొవో బజారులో ఎవరో రుమాలు విప్పి చూపించినా, ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు తెరిచేటప్పుడు అతను మీ పక్కన ఉండడు. 1990లలో దేశం విడిపోయి, పింఛన్లు చాలక చాలామంది వృద్ధులు తమ పతకాలు అమ్ముకున్నారు. ఆ దారిలో అప్పుడే బయటి దేశాలకు చేరినవి ఇప్పుడు అమెరికా, యూరప్ వేలాల్లో తిరుగుతున్నాయి. నంబర్‌తో సహా రెండు వైపుల ఫొటోలు పెట్టేవాళ్ల దగ్గర, నకిలీ అని తేలితే డబ్బు వెనక్కి ఇస్తామని రాసిచ్చేవాళ్ల దగ్గర కొనండి. పార్సెల్ మీద విలువ తగ్గించి రాయమని అడగకండి. కస్టమ్స్‌లో ఆగితే అసలుకే మోసం, ఇన్సూరెన్సూ రాదు.

కొనేముందు ఆ నంబర్‌ను ఇంటర్నెట్‌లో ఒకసారి వెతకండి. అదే నంబర్‌తో ఇంకో నక్షత్రం పాత వేలంలో కనిపిస్తే, రెంటిలో ఒకటి అబద్ధం.

ఇంటికి వచ్చాక

తోమకండి. వెండి నల్లబడిందని విభూతి పెట్టి రుద్దడం, ఇత్తడిని చింతపండుతో మెరిపించడం మన చేతికి అలవాటైన పనులే కానీ, ఇక్కడ వద్దు. ఆ నలుపే అచ్చు లోతుల్ని చూపిస్తుంది, సేకర్తలు డబ్బు పెట్టేదీ దానికే. చెమట, దుమ్ము ఉంటే మెత్తటి పొడిగుడ్డ చాలు. ఎనామెల్ ఉన్నదాన్ని వేడినీళ్లలో ముంచకండి. రబ్బరు బ్యాండు చుట్టొద్దు, అందులోని గంధకం వెండిని నల్లగా కొరుకుతుంది. మెత్తటి పీవీసీ కవర్లూ వద్దు. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉంటే డబ్బాలో సిలికా జెల్ సంచి వేసి, నెలకోసారి మార్చండి. బీరువాలో కలరా ఉండలు ఉన్న అర మాత్రం వీటికి కేటాయించకండి.

ప్రతి పతకానికీ ఒక కాగితం రాసి దానితోనే ఉంచండి: నంబర్, తూకం, వ్యాసం, ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంతకు కొన్నారు, రెండు వైపుల ఫొటో. ఒకే మనిషివి రెండు మూడు పురస్కారాలు, పుస్తకంతో సహా మీ చేతికి వచ్చి ఉంటే, అమ్మాల్సి వచ్చినప్పుడు విడదీయకండి. విడివిడిగా అమ్మితే ఆ రోజుకు నాలుగు డబ్బులు ఎక్కువ రావచ్చు. కానీ పుస్తకంలో రాసిన నంబర్లు తలో దేశంలో చేరాక వాటిని మళ్లీ ఒకచోటికి తేవడం ఎవరి తరమూ కాదు.